తొడిగేటప్పుడు పగిలిన గాజు

వార్షిక సంచికకు ఏదైనా వ్రాయవలసినదని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, ఈసారి కావ్యాలను ప్రక్కనపెట్టి బజారును గురించి వ్రాయాలని సంకల్పించాము. తెలుగు పాఠం చెప్పుకునేవారికి వర్తకంతో ఏమి పని అని వాణిజ్య శాఖలోని మిత్రులు నవ్వవచ్చును. కాని బజారు భాష మాకు పరాయిది కాదు. దుకాణం, రసీదు, బాకీ, వసూలు, జమా, ఖర్చు - ఇవన్నీ అరబ్బీ, పారసీ భాషల నుండి వచ్చి తెలుగువారి నోట స్థిరపడిన మాటలు. అంగడి, అరువు, కొసరు, తూనిక అన్న మాటలు వాటి ప్రక్కనే కూర్చుని ఉన్నాయి. ఉర్దూను, తెలుగును ఒకే కప్పు క్రింద బోధించే కళాశాలలు పుట్టటానికి ఎంతో ముందే ఆ రెండు భాషలను ఒకచోట కూర్చోబెట్టినది అంగడి గల్లా పెట్టె. అదీగాక, మన విద్యార్థులలో అనేకుల ఇండ్లు ఏదో ఒక చిన్న దుకాణం మీద ఆధారపడి నడుస్తున్నాయి. ఉదయం మా ఎదుట బల్లల మీద కూర్చున్నవారిలో కొందరు సాయంకాలం ఎవరి కౌంటరు వెనుకనో నిలబడతారు. కనుక కొనేవారిని ఆదరించటం అన్న విషయం మనకు పుస్తకంలోని అధ్యాయం మాత్రమే కాదు.

ఆ విషయాన్ని గూర్చిన సూక్తులకు నేడు కొదువ లేదు. కొనుగోలుదారుని గొప్ప అతిథిగా పొగిడే ఒక బోర్డును, అడుగున గాంధీ మహాత్ముని పేరుతో సహా, బ్యాంకులలోను దుకాణాలలోను చూడనివారు అరుదు. ఆ వాక్యాలు గాంధీజీ రచనలలో లేవు. ఇంచుమించు అవే మాటలు 1941లో అమెరికాలోని స్టూడ్‌బేకర్ మోటారు కార్ల కంపెనీకి చెందిన కెన్నెత్ ఇలియట్ అనే అధికారి పేర అచ్చయి ఉన్నాయి. కారులమ్మిన వారి మాట రాట్నం వడికిన వారి పేర గోడ కెక్కినది. అట్టి బోర్డు క్రిందనే పింఛను కొరకు వచ్చిన వృద్ధురాలు, "కంప్యూటరు పని చేయటం లేదు, రేపు రండి" అన్న సమాధానం విని, కూర్చోవటానికి బల్ల కూడ లేక తిరిగి పోవటం మేము కళ్ళారా చూశాము. పోనిమ్మందాము.

కొనేవారిని ఆదరించటమంటే ఏమిటో మాకు మొదట తెలిసినది గోడ మీది వ్రాతవలన కాదు. మా చిన్నతనంలో పండుగలకు ముందు ఒక వృద్ధుడు గాజుల మలారం మోసుకుని మా వీధికి వచ్చేవాడు. మా అమ్మను "బేటీ" అని, ఎదురింటివారి కోడలిని "అమ్మా" అని పిలిచేవాడు. అరుగు మీద చతికిలబడి ముందు చేతిని చూసేవాడు, తరువాతనే గాజు మీద చేయి వేసేవాడు. రెండుంపావు, రెండున్నర అంటూ కొలత తనలో తాను అనుకునేవాడు. దేశమంతటా మెట్రిక్ కొలతలు వచ్చిన తరువాత కూడ గాజులు అంగుళాలలోనే ఉండిపోయినవి. నేటికీ రెండు-నాలుగు అంటే రెండు అంగుళాల పైన పదహారింట నాలుగు వంతులు అని అర్థం. చేతిని తన చేతిలోకి తీసుకుని, బొటనవ్రేలి మొదలును మెల్లగా లోపలికి నొక్కి, మాటలలో పెడుతూ గాజును త్రిప్పి ఎక్కించేవాడు. ఒక్కొక్కసారి గాజు పుటుక్కున చిట్లేది. కష్టం చేసిన చేతులకు మరీ ఎక్కువగా చిట్లేవి. ఆయన ఆ ముక్కలను ఒక ప్రక్కకు త్రోసి ఇంకొక గాజు తీసేవాడు. చివర లెక్క చెప్పేటప్పుడు చేతి మీద నిలిచిన గాజులనే లెక్కించేవాడు. తొడిగేటప్పుడు పగిలిన గాజు అమ్మేవాని లెక్కలోనిది. ఆ మాట ఎవరూ ఎక్కడా వ్రాసి పెట్టలేదు, ఎవరూ అడిగిందీ లేదు.

ఈ మర్యాద పూర్తిగా పోయినదని మేమనము. హైదరాబాదులో చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారుకు వెళ్ళినవారికి తెలుసును. అక్కడ లక్క గాజు చేతికి పట్టకపోతే కొనేవారి ఎదుటనే దానిని సెగ చూపి సరిచేసి ఇస్తారు. ఆ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు లక్కకు, అద్దపు బిళ్ళలకు వచ్చి ఉండవచ్చును. మా దృష్టిలో ఆ సెగ చూపే రెండు నిమిషాలు కూడ ఆ గాజులో భాగమే.

ఇక మా అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. గత వేసవిలో ఇంటికి ఒక మిక్సీ కొన్నాము. దుకాణం పేరు చెప్పము. వెళ్ళగానే కుర్చీలు వేశారు, చల్లని పానీయం తెప్పించారు, పిల్లవాని చేతిలో ఒక చాక్లెట్టు పెట్టారు. నాలుగు రకాల మిక్సీలు విప్పి చూపిన యువకుడు మన కళాశాలలోనే బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్న విద్యార్థి. మమ్ము చూసి సంతోషించాడు, మేమును సంతోషించాము. డబ్బు చెల్లించే చోట, "బిల్లు కావాలంటే పన్ను పడుతుంది సార్" అన్నారు. మేము తల ఊపి గులాబి రంగు చీటీతో సరిపెట్టుకున్నాము. ఆ తప్పులో మా వంతును దాచుకోము.

నాలుగవనాటికి జారు అడుగు నుండి నీరు కారటం మొదలైనది. దానిని పట్టుకుని మరల వెళ్ళాము. ఈసారి కుర్చీ లేదు. గ్యారంటీ కార్డు మీద దుకాణపు ముద్ర వేయలేదని అప్పుడు తెలిసినది. కంపెనీ వారి నంబరుకు ఫోను చేసుకొనమన్నారు. యజమాని ఏమీ మాట్లాడలేదు. తన వెనుక నున్న బోర్డు వైపు తల త్రిప్పాడు. "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని అందులో అందమైన అక్షరాలతో వ్రాసి ఉన్నది. మన విద్యార్థి ఆ సమయంలో డబ్బాలు సర్దుతూ మా వైపు చూడలేదు.

మరునాడు తరగతి ముగిసిన తరువాత అతడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "సార్, నేను కావాలని మొహం చాటేయలేదు. వాపసు వచ్చిన సరుకు ఎవరు అమ్మితే వాళ్ళ జీతంలో పట్టుకుంటారు. పోయిన నెల ఒక ఇస్త్రీ పెట్టెకు పట్టుకున్నారు" అన్నాడు. అతని జీతమెంతో మేము అడగలేదు. అది ఫీజుకు, చెల్లెలి పుస్తకాలకు పోతున్నదని మాకు ముందే తెలుసును.

ఆ రోజు నుండి ఈ విషయం మా మనస్సును వదలలేదు. పగిలిన గాజు ముక్క ఎక్కడ పడుతున్నదో మాకు అప్పుడు కనబడినది. పూర్వం అది గాజులు మోసిన ముసలివాని ఒడిలో పడేది. నేడు అది యజమాని ఒడిలో పడదు. కొన్నవాని మీదనో, అమ్మిన కుర్రవాని మీదనో పడుతున్నది. చల్లని పానీయం, చిరునవ్వు, "రండి రండి" అన్న పిలుపు - వీటిని మేము తక్కువచేసి చెప్పటం లేదు. కాని వాటి ఖర్చు స్వల్పం. పైగా అవి సరుకు అమ్ముడుపోక ముందటివి. అమ్మిన తరువాత నష్టం వచ్చినప్పుడు దానిని తన లెక్కలో వ్రాసుకునే దుకాణాన్నే మేము మంచి దుకాణమంటాము.

బోర్డు సంగతి కూడ కొంత చెప్పవలెను. వినియోగదారుల రక్షణ చట్టానికి మన దేశంలో 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం లభించినది. ఆ తేదీనే జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకుంటున్నాము. దాని స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చినది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పకపోతే ముప్పది దినాలలోపల, వెనుకకు తీసుకుని సొమ్ము ఇవ్వటానికి నిరాకరించటం ఈ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవటమూ అట్టిదే. కనుక ఆ బోర్డు లోపమున్న సరుకుకు వర్తించదు. దుకాణం ఏ జిల్లాలో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. అయిదు లక్షల రూపాయలలోపు కొనుగోలుకు రుసుము లేదు. అంతదాకా పోనక్కర లేకుండ 1915 అన్న నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకొనవచ్చును. ఇవి మన విద్యార్థులు కంఠస్థం చేయదగిన విషయాలు. పరీక్షలో రాకపోయినా నష్టం లేదు.

ఈ చట్టంలోని భావం క్రొత్తది కాదని మాత్రం మా మనవి. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో "ఖియారుల్ ఐబ్" అన్న సూత్రమొకటి కలదు. కొన్న వస్తువులో ముందు చెప్పని లోపం బయటపడితే దానిని తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవానికి ఉన్నదని దాని అర్థం. ఆ "ఐబు" మన పల్లెలలో ఎడ్లు కొనేవారి నోట నేటికీ వినబడే మాట. మనం కొట్టివేయటానికి వాడుతున్న "రద్దు" అన్న మాటకు అరబ్బీలో మొదటి అర్థం వెనుకకు త్రిప్పి ఇవ్వటం. గ్యారంటీ అన్నదానికి మనం చెప్పుకునే "హామీ" అన్న మాటకు ఆ భాషలో అర్థం కాపాడేవాడు. మాటలు మన దాకా వచ్చినవి. హామీ కార్డు మీద ముద్ర వేయటానికి మాత్రం చేయి రాలేదు.

హనఫీ న్యాయసంప్రదాయానికి మూలపురుషుడైన ఇమాం అబూ హనీఫా ఎనిమిదవ శతాబ్దంలో కూఫా నగరంలో బట్టల వర్తకుడు. ఆయన భాగస్వామి ఒకసారి లోపమున్న వస్త్రాన్ని ఆ లోపం చెప్పకుండ అమ్మివేశాడట. కొన్నవాడెవరో తిరిగి తెలియలేదు. ఇమాం ఆ అమ్మకంపై వచ్చిన సొమ్మునంతటినీ దానం చేసివేశారని ఆయన చరిత్ర వ్రాసినవారు చెబుతారు. ఈ కథను మేము బాల్యం నుండి వింటున్నాము. వినిన ప్రతిసారీ ఆయన ఔదార్యాన్ని మెచ్చుకున్నాము. జీతంలో పట్టుకునే సంగతి విన్న తరువాతనే మరొకటి తోచినది. ఆయన ఆ నష్టాన్ని మరొకరి మీద వేయలేదు.

వర్తకుల పక్షం కూడ వినవలెను గదా. మాకు తెలిసిన కిరాణా, బట్టల వ్యాపారులతో ఈ విషయం ప్రస్తావించాము. వారి మాటలలో న్యాయం లేకపోలేదు. పెండ్లిలో ఒక పూట కట్టి, మడత పెట్టి, అత్తరు వాసనతో సహా చీరను తెచ్చి "రంగు నచ్చలేదు" అనేవారు ఉన్నారు. పెద్ద కంపెనీలు సరుకు అంటగట్టేటప్పుడు చూపిన చొరవను లోపమున్న సరుకు వెనుకకు తీసుకునేటప్పుడు చూపవు. చిన్న దుకాణదారునికి మిగిలేది రూపాయిలో కొన్ని పైసలు. ఇదంతా నిజమే. నచ్చకపోవటం వేరు, లోపముండటం వేరు. చట్టం ముప్పది దినాలన్నది రెండవదానికే. కంపెనీతో పోట్లాడవలసిన పనిని దుకాణదారుడు తాను చేయవలెను. అతనికి ఏజెంటు తెలుసును, ఉత్తరం వ్రాసే దారి తెలుసును. కౌంటరు దగ్గర నిలబడిన కుర్రవానికిగాని, సంచితో వచ్చిన ఇల్లాలికిగాని ఆ దారి తెలియదు.

పాత అంగడిని స్వర్గంగా వర్ణించి క్రొత్తదానిని తిట్టటం మా ఉద్దేశం కాదు. కూరలమ్మి సంచిలో కొసరుగా వేసిన గుప్పెడు కరివేపాకును మేము మరువలేదు. అయితే ఆ కొసరు అందరి సంచులలోను పడలేదు. పల్లెలలో కొన్ని అంగళ్ళు కొందరికి సరుకును చేతికి అందించక దూరం నుండి పంచెలోకి జారవిడిచేవి. వారు ఇచ్చిన నాణేలను నేల మీద పెట్టించి తీసుకునేవి. పట్టణంలో కూడ, జరీ అంచు కట్టుకున్నామెకు పరుపు మీద ఇరవై చీరలు విప్పి పరచిన చేయి, మాసిన బురఖాలోనో గోచి చీరలోనో వచ్చినామెకు "ఎంతలో కావాలి?" అన్న ప్రశ్న వేసి ఊరకుండేది. నేటికీ కొన్నిచోట్ల అంతే. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేక, చూడకుండానే తిరిగి వచ్చిన స్త్రీలు మా బంధువర్గంలోనే ఉన్నారు. ఈ ఒక్క విషయంలో నేటి పెద్ద దుకాణాలు మెరుగు. అక్కడ ధర చీటీ మీద ఉంటుంది, చేతితో తీసి ఎవరైనా చూడవచ్చును. రైతు సంగతి ఇంకొకటి. కొనేవానికి కొసరు వేసే వర్తకుడే రైతు దగ్గర ధాన్యం కొనేటప్పుడు బస్తాకు ఇంత అని తరుగు తీస్తాడు. త్రాసు ఒక్కటే, మనిషిని బట్టి అది మాట మారుస్తుంది.

ఫోను మీద తెప్పించుకునే సరుకుల గురించి ఎక్కువ వ్రాయము. వాపసు తీసుకోవటంలో అవి మన అంగళ్ళ కంటె ముందున్నాయని ఒప్పుకొనక తప్పదు. కాని చిక్కు వచ్చినప్పుడు చెప్పుకుందామంటే మనిషి దొరకడు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్న యంత్రం దొరుకుతుంది. అక్కడ కూడ పగిలిన గాజు ఎండలో మోటారు సైకిలు మీద తిరిగే ఏ కుర్రవాని ఒడిలో పడుతున్నదో మనకు కనబడదు.

దుకాణాలలో పనిచేసేవారి ముఖం మీద చిరునవ్వు లేదని విసుగుకొనేవారిని చూసినప్పుడు మేము వారి కాళ్ళను చూడమంటాము. ఉదయం పది గంటల నుండి రాత్రి పది వరకు నిలబడే కాళ్ళు అవి. కేరళలో బట్టల దుకాణాలలో పనిచేసే స్త్రీలు కూర్చునే హక్కు కొరకు సంవత్సరాల తరబడి పోరాడవలసి వచ్చినది. 2018లో ఆ రాష్ట్రం తన దుకాణాల చట్టాన్ని సవరించి వారికి ఆసనం ఏర్పాటు చేయటం యజమాని విధి అన్నది. 2021లో తమిళనాడు కూడ అట్టి సవరణ చేసినది. ఒక ముక్కాలి పీట కొరకు శాసనసభ కూర్చోవలసి వచ్చినదంటే మన వర్తక మర్యాద ఎక్కడ ఉన్నదో ఊహించుకొనవచ్చును. కూర్చోనివ్వని యజమాని, వాపసు వస్తే జీతంలో పట్టుకునే యజమాని, కొనేవారిని నవ్వుతూ పలకరించమని ఆజ్ఞాపిస్తే ఆ నవ్వు ఎట్లా వస్తుంది? వచ్చినా సరుకు డబ్బా మూతపడగానే ఆరిపోతుంది. దానికి ఆ కుర్రవానిని తప్పుపట్టలేము. రేపు తండ్రి దుకాణంలో కూర్చోబోయే విద్యార్థులు మన తరగతులలో ఉన్నారు. వారు ముందుగా మార్చవలసినది గోడ మీది బోర్డును కాదు, జీతాల పుస్తకంలోని ఆ పద్దును.

మిక్సీ ఏమయిందని పాఠకులు అడగవచ్చును. చట్టాన్ని గురించి ఇంత వ్రాసినవారు 1915కు ఫోను చేశారా, కమిషన్‌కు అర్జీ పెట్టుకున్నారా అని మా ఇంటిలోని వారే అడిగారు. చేయలేదు. అర్జీ పెడితే గెలిచే అవకాశం లేకపోలేదు. గులాబి చీటీ ఎంతోకొంత సాక్ష్యమే. కాని గెలిచిన సొమ్ము ఎవరి జీతంలో నుండి వస్తుందో తెలిసిన తరువాత కలం సాగలేదు. యజమానితో ఏకాంతంగా మాట్లాడి, పిల్లవాని పేరు ఎత్తకుండ విషయం తెలియజేద్దామని రెండుసార్లు దుకాణానికి వెళ్ళాము. రెండుసార్లును ఆ విద్యార్థి కౌంటరు దగ్గరనే నిలబడి ఉన్నాడు. మమ్ము చూడగానే అతని ముఖం వాడినది. మొదటిసారి ఏదో ధర అడిగి వచ్చివేశాము. రెండవసారి ఒక బల్బు కావాలన్నాము. అతడు డబ్బా విప్పి, బల్బును గోడ మీది హోల్డరులో పెట్టి, వెలిగించి చూపి, చేతి రుమాలుతో తుడిచి మా చేతికి ఇచ్చాడు. జారు ఇంకా కారుతూనే ఉన్నది. క్రింద పళ్ళెం పెట్టి వాడుకుంటున్నాము.